ఘర్షణ లేదనుకొనుము

వాల్పరైసోలో వాన. ఎక్కేవాళ్లు లేరు.
టికెట్ల గూట్లో నా ముందు యస్నా నోటుబుక్కు,
ఓ మూల తడిసి ఉబ్బి.

"ముప్పై డిగ్రీల వాలు. రెండు పెట్టెలు, ఒకే తాడు.
ఘర్షణ లేదనుకొనుము."

లేదనుకోవడమా!
ఇరవై ఆరేళ్లుగా నా గోళ్లలో నల్లగా ఉన్నది మరేంటే?
తెల్లారి నాలుగింటికి గ్రీజు డబ్బాతో
పట్టాల మీద మోకాళ్లూనేది దేనికోసం?

పిల్ల నవ్వలేదు. రేపే ఇవ్వాలట.
సరే, లేదనుకున్నాం.
పట్టాల మీంచి నా ఇరవై ఆరేళ్లు తుడిచేశాం.
దిగే పెట్టె బరువే ఎక్కే పెట్టెకు బలమని
కిటికీలోంచి చూపించాను.
మిగతాది తనే చేసింది,
నాలుక కొస పళ్ల మధ్య పెట్టుకుని.
సైన్ అంటే ఏమిటో నాకిప్పటికీ తెలీదు.

తర్వాత జీవశాస్త్రం.
"మెట్లెక్కిన నాడి ఏల పెరుగును?
పెద్దవారినొకరిని పరీక్షించి రాయుము."
వాళ్లింట్లో పెద్దవాళ్లు రేవులో, రాత్రి షిఫ్టులో.

ఊరందర్నీ కొండెక్కించినవాణ్ణి,
పక్కనున్న నూట అరవై రెండు మెట్లూ
నా కాళ్లతో ఎక్కడం ఎన్నాళ్లకో.
పైన, రొప్పుతూ, మణికట్టు చాచాను.
చల్లటి మూడు వేళ్లు. పెదాలు కదుపుతూ లెక్క.
ఒకచోట ఆగింది. మళ్లీ మొదట్నుంచి.

"దోన్ ఎవారిస్తో, మధ్యమధ్యలో ఒకటి తప్పిపోతోంది."

నూట ముప్పై నాలుగు, అని వేసింది.
తప్పినవి కూడా రాయాలా, అంది,
పెన్సిలు గాల్లోనే ఉంచి.

రాయి, అన్నాను.
అవి లేవనుకోమని ప్రశ్నలో లేదుగా.