ఎక్కడ ఆపితే అక్కడ

డ్రిల్లింగ్ మెషీన్ బల్ల బరువు ఇరవై ఎనిమిది కిలోలు.
కాటా వేసి చూసిందే, ఊహ కాదు.
పందొమ్మిదేళ్లు దాన్ని ఎడమ భుజంతోనే ఎత్తాను:
కుడిచేత్తో బిగింపు వదిలి, ఊపిరి బిగబట్టి,
స్తంభం వెంట పైకి తోసి, మళ్లీ బిగించి.
పొట్టి బిట్టుకి పైకి, పొడుగు బిట్టుకి కిందికి.
కదిపిన ప్రతిసారీ సెంటరు తప్పి, మళ్లీ మొదటికి.
రొయ్యల చెరువుల ఏరేటర్ల సీజన్లో
రోజుకి ముప్పైసార్లు.

పోయిన వానాకాలం నడుము ఒప్పుకోలేదు.

అమలాపురం కాలవగట్టు మీది మా షెడ్డులో
తలో మాట చెప్పారు.
మోల్డింగు మీరాసాహెబు పళ్లకడ్డీ పెట్టమన్నాడు,
పక్కన చిన్న పళ్లచక్రం, ఒక హ్యాండిలు:
"గిర్రున తిప్పు, సర్రున లేస్తుంది."
నిజమే. కానీ ఈ ఉప్పుగాలికి
పళ్ల సందుల్లో తుప్పూ ఇనప రజనూ ముద్దకడతాయి.
బిగింపు మరిచిన రోజు బల్ల కాలిమీదికొస్తుంది.

పాత కారు జాకీ తెస్తానన్నాడు ఏసుపాదం.
మూడొందలే. ఊగుతుంది.
బల్ల ఊగితే బెజ్జం కోడిగుడ్డవుతుంది.

నా మనసు మాత్రం ఎదురుబరువు మీద.
పైన కప్పీ, తాడు, వెనక ఇనప దిమ్మ,
చిటికెన వేలితో లేపొచ్చు.
రాత్రి నిద్రలో లేపాను కూడా.
పైన సామాను పెట్టగానే లెక్క మారిపోతుందని
నిద్రలో గుర్తురాలేదు.

గంగాభవాని ఏమీ అనలేదు.
పనిలో చేరి నాలుగు నెలలు.
హ్యాండిలు అందక రెండిటుకల మీద నిలబడుతుంది.
రేపట్నించి ఆ బల్ల ఎత్తాల్సింది తనే.
ఆ సంగతి మా ఎవరికీ తట్టలేదు.

టీ తాగాక అడిగాను.
"మా నాన్న లొల్ల లాకుల దగ్గర లస్కరండి.
తూము తలుపు మరకడ్డీ మీద లేస్తుంది.
వెనకాల కాలవంతా నెడుతున్నా
వదిలేసి, అన్నం తినొచ్చేవాడు.
ఎక్కడ ఆపితే అక్కడే ఉండేదండి."

మరకడ్డీ నెమ్మది. అంగుళానికి ఐదు చుట్లు.
బల్లని పక్కకి తోసి పొడుగు ఛానల్ని
నేలమీద నిలబెట్టి బెజ్జం వేసే సుఖమూ పోతుంది.
చెరువుల రాజుగారు వాకిట్లో
ఇంజను ఆపకుండా హారను కొడతారు.
అన్నీ తెలిసే సరేనన్నాను. పూర్తిగా కాదు.
ఆ కప్పీ ఇంకా మేకుకి వేలాడుతూనే ఉంది.

చదరపు మర కోయడానికి లేతు మీద రెండు రోజులు.

ఇప్పుడు భవాని స్కేలు తీయదు.
పెదాలు కదుల్తాయి: పదకొండు, పన్నెండు, పదమూడు.
చెయ్యి వదిలేస్తుంది.

నేనే ఒక్కోసారి అలవాటు చావక
బల్ల కింద ఎడమ భుజం ఆనిస్తాను.
అది నన్ను పట్టించుకోదు.