గడప ఎత్తు

సాస్కటూన్‌లో జనవరి.
మున్సిపల్ భవనం రెండో అంతస్తు. ఏడుగురం,
చల్లారిన కాఫీ ఫ్లాస్కు,
మధ్యలో ముప్పై నాలుగో పేజీ.
కొత్త ఇళ్ళ నియమావళికి వాక్యాలు రాసిపెట్టడం నా ఉద్యోగం.
ఇవాళ్టి పని చిన్నదే:
తలుపు ఎంత వెడల్పు, గడప ఎంత ఎత్తు.

డెల్మార్ ఫ్రీసెన్ ముప్పై ఏళ్ళుగా ఇళ్ళు కడుతున్నాడు.
కనుబొమల్లో ఇంకా రంపపు పొట్టు.
"మెట్టు తీసేయమంటారు సరే,
మార్చిలో కరిగిన మంచు
అడక్కుండానే వంటింట్లోకి వస్తుంది.
మా తాతలు ఊరికే పెట్టలేదు ఆ ఎత్తు."
అబద్ధం కాదు. రాసుకున్నాను.
తలుపుకి ఇంత, స్నానాల గదికి ఇంత,
లెక్క కూడా అతనే చెప్పాడు:
"ఎవరో ఒకరి కోసం అందరి నెత్తినా."

ఆ ఎవరో ఒకరు
బల్లకి అటు చివర కూర్చుని ఉంది.
ఒరీసియా ప్రొకొపిచ్.
చక్రాల మంచు కరిగి
తివాచీ మీద రెండు తడి గీతలు.

"మా తమ్ముడి ఇల్లు ఇక్కడికి ఆరు వీధులు.
క్రిస్మస్ ముందురాత్రి పన్నెండు వంటకాలు వండుతారు.
మేనల్లుళ్ళిద్దరూ నన్ను మూడు మెట్లూ ఎక్కిస్తారు,
పియానో మోసినట్టు, మూలలు తగలకుండా.
వాళ్ళు నవ్వుతారు, నేనూ నవ్వుతాను.
లోపల బాత్రూమ్ తలుపు ఇరవై నాలుగు అంగుళాలు.
నా కుర్చీ ఇరవై ఆరు.
అందుకని ఆ రోజు పొద్దున్నుంచీ
నేను నీళ్ళు తాగను."

అంతే చెప్పింది.
కోపమొస్తే అంటారు కదా మనుషులు,
మీ గడప తొక్కనని.
ఆమె ఎవరితోనూ ఆ మాట అనలేదు.
ఊళ్ళో ఇళ్ళన్నీ
ఆమెతో అన్నాయి.

'ఉండాలి' అని రాశాను.
'ఉంటే మంచిది' అందాం అన్నాడు డెల్మార్.
అధ్యక్షుడు గొంతు సవరించుకుని
మధ్యేమార్గంగా ఒక మాట ఇచ్చాడు:
'వీలైనచోట ఉండాలి.'
కాగితం మీద ఎంత చదునుగా ఉందో ఆ మాట!
చక్రం తగిలితేగాని తెలీదు
అదీ ఒక మెట్టేనని.

విరామంలో అందరూ లేచారు.
డెల్మార్ లేవలేదు, మోకాళ్ళ మీదికి దిగాడు.
జేబులోంచి టేపు తీసి
"కొలవనా?" అన్నాడు.
"వేళ్ళు కూడా కలుపుకో" అంది ఆమె,
చక్రం మీద పిడికిలి పెట్టి చూపిస్తూ.
కణుపుల మీద తలుపుచెక్కలు గీరిన మచ్చలు,
కొన్ని పాతవి, ఒకటి ఈ వారానిది.
అతను ముప్పై నాలుగో పేజీ వెనక్కి తిప్పి
పెన్సిలుతో నేలని వాల్చాడు,
గుమ్మం ముందు ఇనుప జాలీ, కింద కాలువ,
పైన చిన్న చూరు.
"నీళ్ళు వీధిలోకే పోతాయి... పోవాలి మరి.
ఖర్చు మాత్రం అవుతుంది" అన్నాడు,
ఓడిపోయానని ఎవరూ అనుకోకూడదన్నట్టు.

ఓటింగు వచ్చే గురువారానికి వాయిదా.
'వీలైనచోట' ఇంకా అక్కడే ఉంది.

కాగితాలు సర్దుతుంటే చూశాను,
ఆరు గ్లాసులు ఖాళీ.
ఆమె ముందున్నది
పొద్దున పోసింది పోసినట్టే ఉంది.

డెల్మార్‌ని టేపు అడిగాను.
ఎందుకని అడగలేదు, వెంట వచ్చాడు.
నడవా చివర, మా భవనపు బాత్రూమ్ తలుపు.
ఒక కొస అతను పట్టుకున్నాడు, ఒకటి నేను.
అంకె ఇద్దరం చూశాం,
పైకి చదవలేదు.
సమావేశపు మినిట్స్‌లో చివరి వాక్యంగా
ఆ అంకె రాశాను,
అడక్కుండానే.