నేల ఎత్తు నుంచి

పేము నీళ్ళలో మెత్తబడ్డానికి గంట పడుతుంది.
మాటకి ఇంకా ఎక్కువే పట్టచ్చు.

అంబాజీపేటలో, కాలవకి ఎదురుగా
తాతారావుగారి వసారా.
రెండు పేము కుర్చీలూ నా ముందు బోర్లా ఉన్నాయి.
వాటి బదులు ఇవాళ వాళ్ళిద్దరూ
నీలం ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నారు.
నా పని నేల మీద.
మనుషులు నాకు మోకాళ్ళ వరకే కనబడతారు,
ఆపైన గొంతులు.

గొంతులు బాగానే ఉన్నాయి.
"నాదేముంది బావా, నువ్వెలా అంటే అలా" అంటాడు జక్కయ్య.
కుడికాలి బొటనవేలు మాత్రం
గచ్చు మీద ఒకటే సున్నా దిద్దుతోంది,
చెరిపి మళ్ళీ దిద్దుతోంది.
"లెక్క లెక్కే, స్నేహం స్నేహమే" అంటారు తాతారావుగారు.
ఆయన మడమలు రెండూ పైకి లేచి
కుర్చీ కాళ్ళ వెనక్కి పోయి దాక్కున్నాయి,
ఎక్కం తప్పిన పిల్లాడిలాగ.

ఇరవైరెండేళ్ళ పీచుమిల్లు.
మిషన్లు రామచంద్రపురం ఆసామి కొంటాడట.
షెడ్డు ఎవరికి, బ్యాంకు అప్పు ఎవరికి,
తూకం కాటా ఎవరింటికి పోతుంది.
మడమల పగుళ్ళలో పీచు దుమ్ము మాత్రం
ఇద్దరికీ ఒకటే రంగు.

నాకీ చదువు చెప్పింది నూకరత్నం.
పెళ్ళయిన కొత్తలో, ఏమైందంటే "ఏం లేదు" అనేది.
నిజంగా ఏం లేనప్పుడు
బాసింపట్టు వేసి రొయ్యలు ఒలిచేది.
ఏదో ఉన్నప్పుడు గొంతుక్కూర్చుని,
గడ్డం మోకాలికి ఆనించి, తలకాయలు పుటుక్కున తుంచేది.
ఆ పూట కూరలో ఉప్పు లేకపోయినా
నేను నోరెత్తేవాణ్ణి కాదు.

భాగ్యవతిగారు కాఫీ తెచ్చారు.
కూర్చోలేదు.
గుమ్మం దగ్గరే, పాదం మీద పాదం పెట్టుకుని ఆగిపోయారు.
ఎవరో పాత మాట తీశారు:
వరదొచ్చిన ఏడాది పీచు మోపులు కాలవలో కొట్టుకుపోతుంటే
జక్కయ్య పంచె గట్టు మీదే వదిలేసి ఈదాడని.
నవ్వు.
ఆ నవ్వులో నాలుగు మోకాళ్ళూ ఒకదాని వైపు ఒకటి తిరిగాయి,
ఎండలో పశువులు నీళ్ళకేసి తిరిగినట్టు.
"ఇంతకీ ఆ వడ్డీ..." అన్నారెవరో.
ఒక కాలు ఇంకో కాలి మీదకెక్కింది.
అరికాలు గోడవైపు తిరిగింది.

ప్లాస్టిక్ కుర్చీకి జ్ఞాపకం ఉండదు.
ఎవరు లేచిపోయినా మళ్ళీ మొదటిలాగే ఉంటుంది.
పేము అలా ఊరుకోదు.
జక్కయ్య కుర్చీ కుడివైపు కుంగింది,
తాతారావుగారిది ఎడమవైపు.
ఇదివరకు మూడుసార్లు విప్పి అల్లాను,
మూడుసార్లూ అక్కడే తెగింది.
ఏ మాట వినడానికి అంతలా వంగేవారో నాకు తెలీదు,
రోజూ సాయంత్రం, కాలవకేసి చూస్తూ,
మధ్యలో జానెడు చోటు వదిలి.

తాతారావుగారి కుర్చీ అల్లడం అయింది.
బిగువుగా, సమంగా, ఎవరి వైపూ కాకుండా.
వేలితో మీటితే డప్పులా పలికింది.
మంచి పనే.
ఎందుకో నాకు నచ్చలేదు.

రెండోదాన్ని అటూ ఇటూ తిప్పి
"ఇది ఇంకో ఏడాది ఆగుద్దండి" అన్నాను.
ఆగదు. నాకు తెలుసు.

సంతకాలయ్యాక జక్కయ్య
చెప్పులు తొడుక్కోడానికి ఆ కుర్చీలోనే కూలబడ్డాడు.
ఒళ్ళు దానంతటదే కుడివైపు వాలింది.
అటు ఎవరూ లేరు,
తాతారావుగారు లోపల బీరువాకి తాళం వేస్తున్నారు.
జక్కయ్య అలాగే ఉన్నాడు,
ఒక చెప్పు కాలికి, ఒక చెప్పు చేతిలో.
పేము కిర్రుమంది.

నాకు ఒక్క కుర్చీ డబ్బే ఇచ్చారు.
మిగిలిన పేము తడిగుడ్డలో చుట్టి
సైకిలుకి కట్టుకున్నాను.