వెల్లకిలా

ఇరవై ఎనిమిదేళ్ళుగా నీలోకి నడిచి వస్తున్నాను.
ఒక్కనాడూ నడుము దాటనివ్వలేదు నిన్ను.

జాంబియానీ ఆడవాళ్ళం అందరం అంతే.
పాటు తీసి, నువ్వు పగడపు గట్టు దాకా వెనక్కి జరిగాక
మేకులు, తాళ్ళు, నెత్తిన తడి బస్తా,
ముళ్ళకాయలు గుచ్చుకోకుండా కాళ్ళకు మగాళ్ళ పాత సాక్సులు.
బిస్మిల్లా అని కుడికాలు ముందు పెట్టి
నీ పెరట్లో మా నాచు మడులు కట్టుకుంటాం.
పోటు మోకాలు తాకితే మూట ఎత్తేస్తాం.
ఈత మగవాళ్ళది. పడవలు మగవాళ్ళవి.
నువ్వు కాసేపు వదిలి వెళ్ళిన నేల మాది.

మా భాషలో నీ పేరుకు ఆడా మగా లేదు.
అందుకే నీతో ఏ వరసన మాట్లాడాలో ఎవరూ చెప్పలేదు.
కొన్నాళ్ళు అత్తవనుకున్నాను,
కొన్నాళ్ళు సవతివి.
మూడో కాన్పులో పిల్ల ఊపిరి తీయకుండానే పోతే
నలభై రోజులు గడప దాటొద్దన్నారు.
పందొమ్మిదో రోజున వచ్చేశాను, గుర్తుందా?
తాడుకి ముడి వేస్తూ, దానికి పెట్టాలనుకున్న పేరు
నీకు చెప్పాను.
ఇంకెవరికీ చెప్పలేదు. ఇక్కడా చెప్పను.
నువ్వు ఏమీ అనలేదు.
"అది వింటుంది, బదులివ్వదు. మొగుళ్ళకన్నా నయం"
అంది సుబీరా, పక్క వరసలోంచి.
నవ్వాం. నాచు తెంపుకున్నాం.

తర్వాత నువ్వు వేడెక్కావు.
మధ్యాహ్నం పూట అడుగు పెడితే
జ్వరం పిల్లాడి నుదురు తగిలినట్టుండేది.
మంచి ధర పలికే లావు నాచు కొమ్మ కొమ్మా తెల్లబడి
వేళ్ళ సందుల్లోంచి గంజిలా జారిపోయింది.
ఒక ఏడాది. రెండు. ఏడు.
కొనేవాడు లారీలోంచి త్రాసు దించడం కూడా మానేశాడు.
సగం మంది మేకులు పీకి పొయ్యిలో పెట్టుకున్నారు.
లోతున చల్లగా ఉంటుంది, అక్కడ బతుకుతుంది అన్నారెవరో.
లోతుకు వెళ్ళాలంటే

యాభై రెండేళ్ళకి, ఈ మోకాళ్ళతో,
ఖాళీ నూనె డబ్బా పొట్టకు కట్టుకుని
ఈతకని వచ్చాను.
నేర్పేది జువేనా. దాని బొడ్డు కోసింది నేనే.
గౌను కాళ్ళకు చుట్టుకుంటోంది.
ఒడ్డున వలలు బాగుచేస్తున్న ముసలాళ్ళు
వలలు మాత్రం చూడడం లేదు.

"బీ మ్వానఖేరీ, తల వెనక్కి వాల్చు.
ఇంకా. చెవులు మునగాలి."
"ముక్కు మునిగితే?"
"నా చెయ్యి ఉందిగా."
ఆ చెయ్యి ఎప్పుడు తీసేసిందో తెలీదు.

చెవులు మునిగాయి.

కొబ్బరి డొక్కలు అప్పుడే రాజుకున్నట్టు చిటపట.
దాని వెనక, ఎక్కడో, ఇసుకను ఎవరో నెమ్మదిగా ఈడుస్తున్నట్టు.
ఇంకా వెనక, పక్కింట్లో దంపుడు చప్పుడు.
కాదు, అది నా గుండె.
వీటన్నిటి అడుగున ఒకటే శ్రుతి, తెగకుండా.
పైన ఆకాశం నోరు మూసుకుని ఉంది.

ఇన్నేళ్ళూ నేనొక్కదాన్నే మాట్లాడాను, తల్లీ.
చెవులు రెండూ గాలిలో పెట్టుకుని
నువ్వు పలకవని ఊరంతా చెప్పుకున్నాను.

ఆ పేరు మళ్ళీ ఒకసారి అన్నాను, పెదాలు కదపకుండా.

సాయంత్రం సుబీరా వెంటపడింది, ఏమందో చెప్పమని.
దిగి చూడు అన్నాను. తిట్టి పోయింది.
జుట్టెందుకు తడిసిందని ఆయన అడిగాడు,
చేప మాడుతోందని లేచాను.

రాత్రి ఇషా నమాజులో సజ్దాకి వంగినప్పుడు
ఎడమ చెవిలోంచి వెచ్చటి చుక్క ఒకటి
జారి చాప మీద పడింది.

తుడవలేదు.