మూట అడుగు

ముప్పై ఒక్క ఏళ్ళు గుంటూరు మిర్చి యార్డులో
మూటలోకి చెయ్యి దూర్చి బతికినవాణ్ణి.
పైన ఎర్రగా నవ్వే కాయని
నేను నమ్మను.
మోచేతి దాకా దించి
అడుగు నుంచి పిడికెడు తీసి
తాలెంతో తేమెంతో చూశాకే
నోట్లోంచి ధర వస్తుంది.

అలాంటి నన్ను
అరండల్‌పేట పన్నెండో లైన్లో
రేకు డబ్బాల ముందు నిలబెట్టింది బాడిగ.

బాడిగ అంటే మా కుక్క.
ముడతల మొహం, ముదురెరుపు ఒళ్ళు.
కమీషన్ కొట్టు వెనక గోతాల మీద పుట్టింది,
అందుకే కాయ పేరు.
పదమూడేళ్ళు మేం తిన్నదే తిన్నది:
పులుసన్నం, చేప తల, పెళ్ళిళ్ళలో మిగిలిన బిర్యానీ,
ఆవకాయ ముద్ద కూడా
తుమ్ముకుంటూ తుమ్ముకుంటూ.
ఇప్పుడు పళ్ళు మూడు.
కారం దుమ్ములో పెరిగిన ముక్కు
వాసనల దారి మర్చిపోయింది.
గిన్నె దాకా వచ్చి
పక్కింటి వాళ్ళ ఉత్తరంలా చూసి
వెళ్ళిపోతుంది.

డాక్టరమ్మ సువార్త గారు చిగుళ్ళు నొక్కి చూసి
"ఉప్పు తగ్గించండి, ఉల్లిపాయ మానెయ్యండి,
మెత్తటి డబ్బా తిండి పెట్టి చూడండి" అన్నారు.
"ఉల్లిపాయ కూడానా?"
"దానికది విషమండీ."
పదమూడేళ్ళ పులుసులన్నీ
ఒక్కసారిగా నా గొంతులోకి ఎగదన్నాయి.

కొట్లో ప్రతి డబ్బా మీదా ఒక కుక్క నవ్వుతోంది.
పక్కన క్యారెట్టు, బఠాణీ, నిగనిగలాడే మాంసం ముక్క.
పై కాయ, అనుకున్నాను.
"ఇది బాగా పోతుంది బాబాయ్" అన్నాడు
కొట్టు కుర్రాడు యోహాను.
పోయేది నాకెందుకురా,
అడుగున ఏముందో చదువు.

తిప్పి చదివాడు, చీమ తలకాయంత అక్షరాలు.
మొదట గోధుమ పిండి. తర్వాత ఇంకేదో పిండి.
కోడి ఏడో పేరు.
చివర్లో, రంగు.
రంగా!
తాలుకాయకి రంగు పూసి తెచ్చినవాణ్ణి
మూటతో సహా గేటు దాటించిన చేతులివి.
అక్కడ పెట్టెయ్, అన్నాను.

నాలుగో డబ్బాకి మొదటి పేరే కోడి.
వెనకాలే కాలేయం, గుమ్మడి.
ముసలి కుక్కకి ఇదొక్కటే పెట్టినా సరిపోతుందని
ఒక ముక్క రాసి ఉంది.
తేదీకి ఇంకా పద్నాలుగు నెలలు.
సొట్ట లేదు, మూత ఉబ్బలేదు,
పుచ్చకాయని కొట్టినట్టు వేలితో కొట్టి చూశాను,
యోహాను నవ్వాడు.
ధర చెప్పాక నవ్వలేదు ఎవరం.
నేను రేటు చెప్పినప్పుడు
ఎదురుగా రైతు మొహం ఎలా అయ్యేదో
ఇన్నేళ్ళకి నా మొహానికి తెలిసింది.

"దీనికయ్యే డబ్బుతో మనకి రెండు పూటల టిఫిను"
లెక్క కట్టింది ఝాన్సీ.
కట్టి, తనే మూత లాగింది.
మొదటి రోజు కదా,
ముప్పాతిక ఉత్తన్నం, పాతిక డబ్బా,
వాసన లేవాలని రెండు చెంచాల వేణ్ణీళ్ళు.
మిగిలింది రేకులో ఉంచకుండా స్టీలు గిన్నెలోకి తీసి
ఫ్రిజ్‌లో
అల్లప్పచ్చడి పక్కన.

బాడిగ వచ్చింది.
చూసింది.
వెళ్ళిపోయింది.

సరుకు బాగుండీ బేరం కుదరని రోజులు
నాకు కొత్త కాదు.
సబ్బుతో ఒకసారి, మజ్జిగతో ఒకసారి
చేతులు రుద్దుకున్నాను.
మంట పోతుంది, ఘాటు పోదు,
అది చర్మం కిందికి దిగి చాలా కాలమైంది.
ముద్ద అరచేతిలో పెట్టి
నేల మీద కూర్చున్నాను.

తిండిని పోల్చుకుందో
చేతినే పోల్చుకుందో.
మూడు పళ్ళూ తగలకుండా
నాలుకతో, నెమ్మదిగా,
రేఖల సందుల్లోది కూడా వదలకుండా
నాకేసింది.

గోడ మీంచి అంతా చూస్తోంది
ఎదురింటి మేడ మెట్ల కింద ఉండే చారల పిల్లి.
దిగి వచ్చి గిన్నె వాసన చూడబోతే
ఝాన్సీ అదిలించింది.
కుక్క డబ్బా పిల్లికి చాలదట,
దాని ఒంటికి కావలసినవి వేరట,
యోహాను ముందే చెప్పాడు.

పిల్లి కదల్లేదు.
రేపు మళ్ళీ అరండల్‌పేట వెళ్ళాలి,
కళ్ళజోడు మర్చిపోకుండా.