అవ్యయం

తిమోక్సెనోస్ గురించి మనకు మిగిలిన మొదటి మాట
ఒక తిట్టు.
చర్మపత్రం అంచున, వెలిసిన సిరాతో,
అతను పోయిన పన్నెండు వందల ఏళ్లకు
నీలోస్ అనే సన్యాసి రాశాడు:
"ఇక్కడ గాడిద కునుకు తీసింది."

ఆ గాడిద అలెగ్జాండ్రియాలో ఉండేది,
చేపలు ఎండబెట్టే సందులో, అద్దె మేడ మీద.
తక్కిన పండితులు రాజుగారి రొట్టె తింటూ
ఈ పాదం అసలుదా కొసరుదా అని
మహాకావ్యాల మీద తగువులాడుతుంటే
ఇతను తెల్లారకముందే రేవుకు పోయేవాడు,
చంకలో కుండపెంకుల సంచితో,
బేరాలు వినడానికి.

చేపలమ్మే తయేసిస్
"ఇవాళ్టివే సుమా" అన్నప్పటి సుమా,
"నిన్న తూచాను కదా" అన్నప్పటి కదా,
ఏమీ తోచనప్పుడు నాలుక పట్టుకు వేలాడే మరి.
(వాళ్ల గ్రీకులో అవి వేరే చప్పుళ్లు. పని ఇదే.)
లింగం లేదు, వచనం లేదు,
ఏ విభక్తీ వీటిని పెళ్లాడదు.
ఒక్కో పెంకు మీద ఒక్కో మాట గీసుకుని
ఎండ నెత్తికెక్కేదాకా అక్కడే.

"వాక్యంలో చెత్త ఏరుతున్నావయ్యా" అన్నాడు గ్రంథాలయాధికారి.
"పలకలన్నీ మీరే ఉంచుకోండి,
పడవలోని మేకులు నాకు చాలు" అన్నాడట.
ఆ ఏటి నుంచి జీతం సగమైంది.

పెంకులు కడిగి ఆరబెట్టేది కూతురు మెలిన్నా.
ఎనిమిదేళ్లది. ఒకదాని మీద కప్పబొమ్మ వేసి
తండ్రి చేత చీవాట్లు తింది.
వేసవి జ్వరం వచ్చిన మూడో రాత్రి
ఏదో చెబుతోంది:
"పిల్లి గోడ దూకింది, దాని కూనలు దూకలేదు, మరి..."
దీపంలో నూనె పోయడానికి అతను లేచాడు.

మర్నాడు తయేసిస్ చేప ఇచ్చింది,
ధర చెప్పలేదు.

తర్వాత పదకొండేళ్లు రాశాడు పుస్తకం.
అన్ని మాటలకూ రేవు నుంచి ఉదాహరణలు,
బూతులతో సహా.
మరి దగ్గర మాత్రం ఇలా ఉంది:
"ఇది తన ముందున్నదాన్ని తన వెనక వచ్చేదానితో కలుపుతుంది.
ఉదాహరణ:"
ఆపైన నాలుగు వేళ్ల ఖాళీ.

లేఖకులు ఖాళీని ఖాళీగానే ఎత్తి రాశారు.
ఒకడు జాలిపడి ఏదో పద్యపాదం ఇరికించాడు,
మరొకడు దాన్ని గీకేశాడు.
పురుగు తిన్నదని ఒక వర్గం,
తాగి రాశాడని ఇంకో వర్గం.
ఖండించడానికైనా అతని పేరు తలవాలి గదా,
అలా మోసుకొచ్చారు, శత్రువులే, భుజాలు మార్చుకుంటూ.
చివరికి పుస్తకం పోయింది. ఆ ఒక్క ఆకు ఉంది.

మన వ్యాకరణంలో ఇలాంటి మాటల్ని అవ్యయాలంటారు.
ఖర్చు కానివి.
ఈ పేరు అతనికి ఎవరూ చెప్పలేదు.

థెస్సలోనికీలో, మొన్నటి చలికాలం,
పాత ప్రతుల పట్టీ రాసే జఫీరో
ఆ ఆకును దీపానికి అడ్డంగా పట్టి చూసింది.
చిల్లు లేదు. గీరు లేదు. అంచులు శుభ్రం.
"పాఠం లోపించింది" అని రాసి, కొట్టేసి,
"పాఠం ఇదే" అని రాసింది.
ఆ తర్వాత, ఎవరూ చూడటం లేదు కదా అని,
ఖాళీ మీద తన వేళ్లు ఆనించింది.

సన్నని వేళ్లు.
అయిదు పట్టాయి.