కొలతల పుస్తకం

ఆఫ్‌సైడ్ అంటే ఏందో నాకిప్పటికీ తెలియదు.
చంక కింద ఎంత వదులు పెట్టాలో తెలుసు.
సంగడిగుంటలో బడి గేటుకెదురుగా నా కుట్టుమిషను.
నా పాదం కింద అది,
రోడ్డవతల వాళ్ళ పాదాల కింద బంతి.

మొదటి ఏడు పరంజ్యోతి సారు
పదకొండు తెల్ల బనియన్లు తెచ్చి
"నీలం రంగేసి నంబర్లు కుట్టమ్మా మస్తాన్‌బీ,
డబ్బులు గెలిచాక" అన్నారు.
తెనాలితో తొమ్మిది-సున్నా.
వానలో ఆడొచ్చారు. రంగు దిగి
మెడలూ వీపులూ నీలం.
ఆ వారమంతా ఎక్కడ కనబడ్డా
ఓడినోళ్ళని ఇట్టే పోల్చుకోవచ్చు.

రెండో ఏడూ మూడో ఏడూ చెప్పుకోడానికేం లేదు.
నా పుస్తకంలో ఛాతీ ఇరవై ఆరు, ఇరవై ఆరు, ఇరవై ఏడు.
బాజీ ఒక్కడే ఇరవై ఎనిమిది, వాణ్ణి గోల్లో నిలబెట్టారు.
వాడి చొక్కా మోచేతుల దగ్గర
ఆర్నెల్లకి మూడు అతుకులు.
అతుకుల లెక్కన చూస్తే
వాడు ఆపినవీ తక్కువేం కాదు.
ఫిబ్రవరిలో యార్డు వైపు నుంచి గాలి తిరిగితే
మిరప ఘాటుకి రెండు జట్లూ ఆగి దగ్గేవి.
మనోళ్ళు ముందు తేరుకునేవాళ్ళు.
సారు దాన్నే ప్లాను అన్నారు.

నాలుగో ఏడు అంకమ్మరావు వచ్చాడు.
కుడి భుజం ఎడమదానికన్నా అరంగుళం కిందికి.
ఆదివారాలు నాన్నతో టిక్కీలు మోస్తాడంట.
టేపు చుడితే ఊపిరి బిగబట్టేవాడు,
ఛాతీ ఎక్కువ రావాలని.
వదలరా, వదిలితేనే చొక్కా సరిపోద్ది అంటే
నవ్వేవాడు. ఆ నవ్వులో అంగుళంన్నర తేడా.
ఐదో ఏడు బాపట్ల మీద గెలిచారు, రేపల్లె మీద గెలిచారు.
ఆరో ఏడు కప్పు.
ఆటోలో ఊరేగించుకుంటా వచ్చి
నా మిషను మీదే పెట్టారు దాన్ని.
సూది ఎక్కడ విరుగుద్దోనన్న కంగారులో
నేను కప్పుని సరిగ్గా చూడనే లేదు.
పాత బాకీ మొత్తం, రెండు వేల నూట నలభై,
సారు ఆ రోజే ఇచ్చారు. నోట్లన్నీ చెమటకి తడి.

తర్వాత రెండేళ్ళు గేటుకి తాళం.
జట్టుకని తెచ్చిన నీలం గుడ్డతో
మాస్కులు కుట్టాను, మూడొందల పన్నెండు.
పదకొండు చొక్కాలు
ఎవరెవరి ముక్కుల మీదో తిరిగినై.
సారు ఆసుపత్రి నుంచి తిరిగొచ్చారు గానీ
ఈల ఊదే ఊపిరి మళ్ళీ రాలేదు.
చప్పట్లు కొట్టి ఆపేవారు ఆటని.

బడి తెరిచాక గ్రౌండులో సగం మేర కొత్త గదులు లేచినై.
ఒక గోల్‌పోస్టు మరుగుదొడ్ల గోడకి ఆనుకుంది.
తొమ్మిదో ఏడు ఏడుగురే వచ్చారు.
పదో ఏడు కొలతలిచ్చారు, కుట్టాను,
ఎవరూ పట్టుకుపోలేదు. పోటీకి పేర్లే పంపలేదంట.
ఆ మూట రేకుపెట్టెలో ఉంది.

మొన్న అంకమ్మరావు వచ్చాడు,
భుజానికి మెత్త కుట్టించుకోను.
ఇప్పుడు యార్డు ముఠాలో మనిషి.
భుజాల తేడా అంగుళం పావు.
టేపు తీయగానే, అలవాటు,
ఊపిరి బిగబట్టాడు.
నేనేం అనలేదు.

నిన్న మధ్యాహ్నం బెల్లుకి నలుగురు ఆడపిల్లలు.
రిజ్వానా, మెర్సీ, ఇంకో ఇద్దరి పేర్లు అడగాలి.
"పెట్టెలో చొక్కాలున్నయ్యంటగా పిన్నీ?"
నలుగురు జట్టెట్టా అవుతారే అన్నా.
"ముందు చొక్కాలియ్యి" అంది మెర్సీ.
మూట విప్పాను. కలరా ఉండల వాసన.
వాళ్ళకి బాగా వదులు, పక్కలు లోపలికి తీయాలి.
కత్తిరించను. మడతలోనే దాచి టాకాలేస్తా,
విప్పుకోవడానికి ఉంటది.
డబ్బులెప్పుడిస్తారే అని అడిగాను.
ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకుని
బెల్లయిందని పరిగెత్తారు.